వృద్ధురాలికి విద్యుదాఘాతం

నేను చచ్చిపోయినానని విని చూసిపోదామని వచ్చినోళ్ళకు టీలు కాసి కాసి ఇప్పుడే కూర్చున్నా. పాలు అయిపోయినాయి. చక్కెర డబ్బా అడుగు కనిపిస్తా ఉండాది. ఇంకెవరన్నా వస్తే మజ్జిగే. మీరు కూడా బయల్దేరకముందే జరిగింది జరిగినట్టు రాసేస్తా. చదువుకొని, నవ్వుకొని, ఎక్కడోళ్ళు అక్కడే ఉండండి తల్లీ.

మాది సముద్రానికి దగ్గరి పల్లె. తలుపు తీస్తే ఉప్పుగాలి, దాని వెనకాలే రొయ్యల మేత వాసన. పొలాలున్న చోటల్లా ఇప్పుడు రొయ్యల గుంటలే. ఆ గుంటల్లో నీళ్ళను చిలకతా తిరిగే చక్రాలు ఉంటాయి, ఏరేటర్లంటారు. అవి తిరిగితేనే నీళ్ళలో గాలి కలిసి రొయ్యకు ఊపిరాడేది. అవి తిరగాలంటే కరెంటు ఉండాలి. అందుకని మా ఊళ్ళో దేవుడి తర్వాత దండం పెట్టుకునేది ట్రాన్స్‌ఫార్మరుకే.

నా చదువు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. చిన్నప్పుడు నేను బడి మొహం చూసిందాన్ని కాదు. నా మనవరాలు హారికను ఒకటో తరగతిలో చేర్పించినప్పుడు, నేను పక్కన కూర్చోకపోతే అది ఊరు లేచిపోయేటట్టు ఏడ్చేది. "మీరు కూడా కూర్చోండవ్వా" అనింది టీచరమ్మ. కూర్చున్నా. దాంతోపాటే నేనూ అఆలు దిద్దినా. అది రెండో తరగతికి పోయింది, నేను పేపర్లోకి పోయినా. అప్పటినుంచి పొద్దున్నే పేపరు చదవనిదే నాకు ముద్ద దిగదు.

అయితే చిక్కేమంటే, నేను చదివింది పేపరొక్కటే గాబట్టి, నాకు రాయడం వచ్చింది కూడా పేపరు మాదిరిగానే! ఒకసారి పాలు విరిగిపోతే, నేను గుడికి పోతా కోడలు లక్ష్మికి చీటీ రాసి పెట్టినా: "పాలు విరిగిన కారణంగా టీకి అంతరాయం". లక్ష్మి దాన్ని చూసి నేలమీద కూర్చొని నవ్విందంట.

ఆ పేపరు మాటల్లో నాకు బాగా నచ్చింది ఒకటుండాది. విద్యుదాఘాతం. నోరు నిండిపోతుంది చూడండి! ఉరుము ఉరిమినట్టు ఉంటుంది. మేము పుట్టినప్పటినుంచీ 'కరెంటు కొట్టింది' అనేవాళ్ళం. కొడితే మనిషి ఎగిరి అవతల పడతాడు, లేచి తిట్టుకుంటా పోతాడు. అట్టా కాకుండా 'కరెంటు పట్టుకునింది' అంటే ఆడోళ్ళు నోట్లో కొంగు కుక్కుకునేవాళ్ళు. పట్టుకుంటే వదలదు గదా. కొట్టడానికీ పట్టుకోడానికీ మధ్యన ఒక ప్రాణం తేడా ఉండాదని మాకు అక్షరాలు రాకముందే తెలుసు. అక్షరాలు వచ్చినాక నేను ఆ తేడా మర్చిపోయినా. చూడండి నా చదువు!

సరే, నిన్న పొద్దున. ఆకాశం నిండా మబ్బులు. మా కోడలు వాళ్ళమ్మను కంటి ఆసుపత్రిలో చూపించడానికి నెల్లూరు పోయింది. కొడుకు శీనయ్య గుంట దగ్గర ఉండాడు. నేను రోజూ వాడికి టిఫిను తీసుకొని గుంట గట్టు మీదికి పోతా. దోసెలు పోద్దామని గ్రైండరులో పిండి వేసినా. తడి చేత్తో పిండిని లోపలికి తోస్తా ఉన్నానా, రోలు అంచు స్టీలుది గదా, వేలు తగిలిందో లేదో... జివ్వుమనింది! చెయ్యి దానంతట అదే పైకి లేచింది. చేతిలో పిండి నా మొహానికి, జుట్టుకు, గోడమీద ఉన్న క్యాలెండరుకు. నేను పోయి బియ్యం డబ్బా మీద కూర్చున్నా.

కాసేపు వేళ్ళు చూసుకున్నా. అన్నీ ఉండాయి. రామా అనుకున్నా. నా గొంతు నాకు వినపడింది. చీపురు కర్రతో స్విచ్చి ఆపినా. గుండె దడ తగ్గింది. తగ్గినాక ఒక సంతోషం వచ్చింది చూడండి, సిగ్గులేకుండా చెప్తా ఉండా. ఇన్నేళ్ళు పేపర్లో చదవడమే గాని, ఆ మాట నాకు జరగడం ఇదే మొదలు!

మా ఊరికి ఫోన్లో ఒక గ్రూపు ఉండాది. అందులో నేను ఇంతవరకు పూలబొమ్మలు, దండం పెట్టే చేతులు తప్ప ఏమీ పెట్టలేదు. నాకు సొంతంగా రాయడం వచ్చునని ఊళ్ళో సగం మందికి తెలియదు కూడా. ఈ పొద్దు రాస్తా, అనుకున్నా. గ్రైండరు తడిచేత్తో ముట్టుకోవద్దని నలుగురికీ చెప్పినట్టు కూడా ఉంటుంది.

మరి రాసేది ఎట్టా? పేపరోళ్ళు రాసినట్టే. పైన పెద్ద మాట వేస్తారు. కింద వివరాలు. నేను ఒక్క వేలితో, ద కింద ఏముండాదో, ఘ యాడ దాక్కోనుండాదో వెతుక్కుంటా వెతుక్కుంటా పైమాట రాసినా:

వృద్ధురాలికి విద్యుదాఘాతం.

చదువుకున్నా. అచ్చులో పడ్డట్టే ఉండాది! ముచ్చటేసి పంపించేసినా. పైమాట పోయింది గదా, ఇంక తీరిగ్గా వివరాలు రాద్దామని మొదలుపెట్టినా. "తీర ప్రాంత గ్రామంలో పిండి రుబ్బుచుండగా ఒక వృద్ధురాలు స్వల్ప..." ఈ 'ల్ప' దగ్గర ఇరుక్కుపోయినా. ఇంతలో ఫోను మోగింది. మోగితే రాసేది కనపడకుండా పోతుంది గదా! కోసేసినా. మళ్ళీ మోగింది. మళ్ళీ కోసినా. ఇంకొకరు. ఇంకొకరు. "మనిషిని నాలుగు అక్షరాలు రాసుకోనీరు గదా" అని విసుక్కుంటా అందరివీ కోసిపారేసినా.

ఉన్నట్టుండి కరెంటు పోయింది.

"థూ, ఈ కరెంటోళ్ళకు వేళాపాళా లేదు!" అని గట్టిగానే తిట్టినా. మొహం కడుక్కుందామని కొళాయి తిప్పితే నీళ్ళు లేవు. ట్యాంకు నింపాలంటే మోటారు వెయ్యాలి, మోటారుకు కరెంటు లేదు. మొహంమీద పిండి ఎండి పెచ్చులు కడతా ఉండాది. పోనీలే, వెలుతురు చూసుకొని వెనక వసారాలో కూర్చొని నా వార్తకు ఇంకో ముక్క తగిలించినా: "ఇదిలా ఉండగా గ్రామంలో విద్యుత్ సరఫరాకు అంతరాయం. ప్రజల అవస్థలు."

ఆ అంతరాయం నేనేనని నాకేం తెలుసు?

గుంటల దగ్గర అప్పుడేమి జరిగిందో నాకు తర్వాత చెప్పినారు. ఒకప్పుడు వానకు తీగ తెగి గట్టుమీద పడితే, మా పక్కింటి మస్తానమ్మ బర్రె దాన్ని తొక్కి అక్కడికక్కడే పోయింది. ఆ రోజునుంచి ఊళ్ళో ఒక కట్టుబాటు. ఎవరికన్నా కరెంటు అనే మాట చెవిన పడితే, ముందు సబ్‌స్టేషనుకు ఫోను చేసి లైను ఆపించాలి, తర్వాతే ఏంది, యాడ అని అడగాలి. ఇంకోటి కూడా ఉండాది. ఎవరు ఆపమన్నారో, తిరిగి వాళ్ళు నోటితో వెయ్యమంటేనే వేస్తారు. వేరే ఎవరు చెప్పినా వెయ్యరు. ఎవరైనా స్తంభం ఎక్కి ఉంటే ప్రమాదం గదా.

నేను పంపిన మాట ముందు చూసింది పెంచలయ్య. మా గుంట పక్కన గుంట ఆయనదే. వరసకు నాకు అల్లుడు, అత్తా అంటాడు. ఆ మాట పక్కన పేపర్లో ఎప్పుడూ 'మృతి' అనే ఉంటుంది గదా! పైగా నా ఫోన్లోంచి వచ్చింది, నాకేమో రాయడం రాదనుకున్నాడు. ఎవరో నా గురించి రాసినారనుకున్నాడు. నేను టిఫిను తీసుకొని గట్టుమీదికి వచ్చే వేళ అది. అంతే. తీగ తెగింది, అత్త తొక్కింది అనుకొని లైను ఆపించినాడు.

ఆయన గుంటలో రొయ్యను ఈ పొద్దు పట్టి అమ్మాలి. రొయ్య మంచి సైజుకు వచ్చుండాది. లారీకి చెప్పుకొన్నాడు. మాకూ ఆయనకూ కలిపి ఒకటే జనరేటరు, అదేమో బెల్టు తెగి కావలిలో మెకానిక్కు దగ్గర ఉండాది. మబ్బు పట్టిన పొద్దున ఏరేటర్లు ఆగితే రొయ్యకు ఊపిరందక పైకి తేలతాయని మా ఊళ్ళో పసిపిల్లను అడిగినా చెప్తుంది. ఒక పంట మొత్తం తెల్లగా తేలితే ఆ సంసారం మళ్ళీ కోలుకునేదానికి ఎంత కాలం పడుతుందో కూడా. అదంతా తెలిసి కూడా పెంచలయ్య లైను ఆపమన్నాడు.

నేనేమో వసారాలో కూర్చొని 'ల్ప' వెతకతా ఉండా.

ముందర తలుపు దబ్బుమని తెరుచుకునింది. "అమ్మా! అమ్మా!" అని శీనయ్య గొంతు. ఇల్లంతా పరిగెత్తి వెనక్కి వచ్చినాడు. నన్ను చూసి గుమ్మానికి అతుక్కుపోయినాడు.

"ఏందిరా ఆ కేకలు? దోసెలు ఇంకా పొయ్యలా. కరెంటు పోయింది" అన్నా.

"నువ్వు... నువ్వు బాగుండావా?"

"నాకేం? నిక్షేపంగా ఉండా."

వాడు గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చున్నాడు. తల్లిగా చెప్తా ఉండా, అంత వయసొచ్చిన కొడుకు చేతుల్లో మొహం పెట్టుకుంటే చూడలేం. కాని ఆ చేతుల సందుల్లోంచి చూసి, "ఆ మొహానికి ఏందిమ్మా అది?" అన్నాడు.

"పిండి. గ్రైండరు దగ్గర విద్యుదాఘాతం."

"ఆ మాట ఎత్తొద్దు! నీకు దండం పెడతా, ఆ మాట ఎత్తొద్దు!" అని లేచి ఫోను తీసినాడు. అప్పుడు తెలిసింది నాకు, ఊరంతా ఏమనుకుంటా ఉండాదో.

శీనయ్య సబ్‌స్టేషనుకు ఫోను చేసి స్పీకరు పెట్టినాడు. "సార్, మా అమ్మకు ఏమీ కాలేదు. లైను వెయ్యండి."

"ఆపమన్నది మీరు కాదు గదా" అన్నాడు అవతలాయన.

"అబ్బయ్యా, ఆ చచ్చిపోయింది నేనే" అని నేను అందుకున్నా. "నేను చెప్తా ఉండా గదా, వేసెయ్యి నాయనా."

"ఎవరండీ ఫోన్లో తమాషాలు చేసేది? మీరు చచ్చిపోయుంటే మీరెట్ట మాట్లాడతారు? ఆపమన్నాయన చేత చెప్పించండి" అని పెట్టేసినాడు.

తప్పు పట్టలేం. కట్టుబాటు మేము పెట్టుకున్నదే.

పెంచలయ్యకు చేస్తే ఫోను మోగతా ఉండాది, తీసే దిక్కులేదు. నన్ను వెతకతా గట్లెంట పోయినాడంట, ఫోను బండి మీదే పెట్టి. "బండెక్కమ్మా! నేను చెప్తే నమ్మడు. నిన్ను చూస్తేనే నమ్ముతాడు" అన్నాడు శీనయ్య. మొహం తుడుచుకుందామంటే చుక్క నీళ్ళు లేవు. ఉన్నదాన్ని ఉన్నట్టే ఎక్కినా.

వీధి మొదట్లో మస్తానమ్మ గుంపును పోగేసుకొని కొంగుతో కళ్ళు తుడుచుకుంటా ఉండాది. "మొన్ననే గదమ్మా నా దగ్గర కరివేపాకు కోసకపోయింది! ఎంత మంచి మనిషి! నోట్లో నాలుక లేని మనిషి!" అంటా ఉండాది. ఆ మంచి మాటలు ఇంకొంచెం వినాలని ఉండింది గాని శీనయ్య బండి ఆపలేదు.

"మస్తానమ్మా, కరివేపాకుకి థాంక్సు!" అని అరిచినా.

వెనక నుంచి ఒక కేక వినపడింది. ఏడుపో, భయమో, ఏమో.

గుంటల దగ్గరికి పోయేసరికి చప్పుడన్నదే లేదు. ఎప్పుడూ బుడబుడమని నీళ్ళు చిమ్మతా ఉండే ఏరేటర్లు కొంగల మాదిరి నిలబడిపోయినాయి. పెంచలయ్య గుంట అంచున నీళ్ళు సన్నగా కదలతా ఉండాయి. చూస్తే రొయ్యలు! అంచుకు వచ్చి, పైకి వచ్చి, గాలికోసం మీసాలు ఆడిస్తా ఉండాయి. శీనయ్య మా గుంటలోకి ఆక్సిజన్ మాత్రలు విసరతా, "అమ్మా, అటుపక్క! పో, తొందరగా పో!" అని అరిచినాడు.

గట్టెంట పరిగెత్తినా. పరిగెత్తినా అని రాస్తా ఉండా గాని, నా మోకాళ్ళను అడిగితే వేరే చెప్తాయి. మలుపు తిరిగితే కాలవలో నడుమువరకు దిగి, వెదురు గడతో నీళ్ళను కెలకతా ఉండాడు పెంచలయ్య. నన్నే వెతకతా ఉండాడు పాపం!

"పెంచలయ్యా!" అన్నా.

తల ఎత్తినాడు. మబ్బు వెలుతురు, తెల్లటి మొహం, పిండి కట్టిన జుట్టు, వెనక సముద్రపు గాలికి ఎగిరే కొంగు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనుకునేదాన్ని. చేతిలో గడ వదిలేసినాడు.

"అత్తా... నేనేం తప్పు చెయ్యలా అత్తా... నీ కర్మలన్నీ శీనయ్యతో కలిసి దగ్గరుండి జరిపిస్తాం..."

"నా కర్మలు తర్వాత చేద్దువుగాని, ముందు ఫోను చెయ్యి! నీ రొయ్యలు చస్తా ఉండాయి!"

"దయ్యానికి రొయ్యలతో ఏం పని?" అన్నాడు నోట్లోనే.

ఇంక లాభం లేదని కాలవ గట్టున కూర్చొని చెయ్యి చాపినా. "పట్టుకో. చల్లగా ఉంటే దయ్యం. వెచ్చగా ఉంటే మీ అత్త." పట్టుకున్నాడు. వేలికి పిండి అంటింది. వాసన చూసినాడు. "దోసె పిండి!" అన్నాడు. అప్పుడు ఏడ్చినాడు చూడండి, ఆ మొగోడు! ఏడుస్తానే బండి దగ్గరికి పరిగెత్తి ఫోను చేసినాడు.

కాసేపటికి ఏరేటర్లు ఒక్కొక్కటే దగ్గి, గొణిగి, గిర్రున తిరిగినాయి. నీళ్ళు తెల్లగా లేచినాయి. అంచుకు వచ్చిన రొయ్యలు ఒక్కొక్కటే లోపలికి మళ్ళుకున్నాయి. తేలినవి కొన్ని ఉండాయి, దోసెడుకు మించవు. మేము ముగ్గురం గట్టుమీద కూర్చొని ఆ చప్పుడు విన్నాం. మేళం కూడా అంత బాగుండదు.

"ఏం మనిషివయ్యా నువ్వు" అన్నా పెంచలయ్యతో. "జనరేటరు లేదని తెలుసు. రేపు పట్టే గుంట. ఎట్టా ఆపమన్నావు?"

"రొయ్యపిల్ల మళ్ళీ వేసుకుంటే వస్తుంది అత్తా. నిన్ను యాడ తెచ్చుకునేది?" అన్నాడు చొక్కా పిండుకుంటా.

నేను మొహం పక్కకు తిప్పుకున్నా. పిండి కారింది.

ఇంతటితో అయిపోలేదు. సాయంత్రం నెల్లూరు నుంచి కోడలితోపాటు హారిక దిగింది. అది అక్కడ హాస్టల్లో ఉండి నర్సింగు చదవతా ఉండాది. నాకు షాకు కొట్టిందని వాళ్ళమ్మ చెప్తే, అది వార్డెనమ్మ దగ్గరికి పోయి ఇంగ్లీషులో, "మా నాయనమ్మ ఎలక్ట్రోక్యూట్ అయింది మేడమ్, ఇంటికి పోవాలి" అనిందంట. ఆమె దీని తల నిమిరి, కర్మలు అయ్యేదాకా సెలవు ఇచ్చి, చేతిలో అరటిపండ్లు పెట్టి పంపించింది!

"బాగానే ఉండాదని చెప్పినా గూడా ఎందుకంత జాలిపడిందో నాకు అర్థం కాలేదు నాయనమ్మా" అనింది అది. బస్సులో ఫోన్లో వెతుక్కోనిందంట. అమెరికాలో నేరం చేసినోళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి కరెంటుతో చంపడం మొదలుపెట్టినప్పుడు, దానికి ఒక పేరు కావాల్సి వచ్చి, ఎలక్ట్రిక్ అనే మాట తల తెచ్చి ఎగ్జిక్యూట్ అనే మాట తోకకు కుట్టేసినారంట. అంటే శిక్ష వేసి చంపడం. నాకు పిండి రుబ్బినందుకు మరణశిక్ష! ఇప్పుడు దెబ్బ తగిలి లేచినోళ్ళకు కూడా దాన్నే వాడేస్తా ఉండారంట గాని, చదువుకున్నోళ్ళు చావుకే వాడాలంటారంట. షాకు అంటే మొదట్లో యుద్ధంలో రెండు దండులు ఒకదాన్నొకటి గుద్దుకోవడమంట. కరెంటు అంటే పారేదంట, కాలవ మాదిరి.

"మరి నా మాటో?" అన్నా భయంభయంగా.

"విద్యుత్తంటే మెరుపు. ఆఘాతమంటే దెబ్బ. మెరుపు దెబ్బ. అందులో చావు లేదు నాయనమ్మా. పేపరోళ్ళు పక్కన ఎప్పుడూ మృతి అని వేసి వేసి జనానికి అట్టా అలవాటైంది."

"చూసినావారా! నేను రాసింది కరెక్టే!" అన్నా శీనయ్యతో.

"కరెక్టే. ఆ కరెక్టుకే ఊరు ఆగిపోయింది" అన్నాడు వాడు.

ఇంకోటి కూడా చెప్పింది హారిక. ఎలక్ట్రిసిటీ అనే మాట చెట్టుబంక గట్టిపడి తయారైన ఒక పసుపుపచ్చ రాయి పేరునుంచి వచ్చిందంట. పాతకాలంలో ఎవరో దాన్ని గుడ్డకు రుద్దితే గడ్డిపోచ వచ్చి అతుక్కునిందంట. నేను రాత్రి పడుకొని దాన్నే తలుచుకున్నా. గడ్డిపోచను లాగడానికి మాత్రం పనికొచ్చిన బలం, ఈ పొద్దు ఊరి రొయ్యలన్నిటికీ ఊపిరి పోస్తా ఉండాది! ఎంత చిన్నగా పుట్టిందమ్మా అనుకున్నా.

ఈ పొద్దు పెంచలయ్య గుంట పట్టినారు. లారీ నిండింది. పొద్దెక్కినాక ఆయన ఒక సంచి తెచ్చి గడపలో పెట్టినాడు. "నువ్వు బతికినందుకు అత్తా" అన్నాడు. మీసాలు ఇంకా ఆడతా ఉండాయి వాటికి.

వలుస్తా కూర్చున్నా. నిన్న గాలికోసం అంచుకు వచ్చినవి ఇవేనేమో. నా మాటకు చావబోయి, నా పరుగుకు బతికి, తిరిగి నా చేతికే వచ్చినాయి. పాపం అనిపించింది. పక్కన కూర్చున్న హారిక చూసి, "వీటికి జరిగిందాన్ని ఏమనాలి నాయనమ్మా?" అని నన్నే ఆటపట్టించింది.

ఈసారి నేను తడుముకోలేదు. పేపరూ చూడలేదు, ఎవర్నీ అడగలేదు. నూనె కాగినాక చెప్పినా: "వేపుడు."

ఆ మాటకు మాత్రం ఇంతవరకు ఎవరూ తప్పు పట్టలేదు. ఉప్పు ఎక్కువైందన్నారు, అంతే.